ఆటలకు కర్తలెవ్వరు?

1977వ సంవత్సరమున అమెరికాలో అటారి కంపెనీ విడుదల చేసిన ఇంటి వీడియో గేము యంత్రములో, ఆట సాగుచుండగా లెక్కలు నిలుపుకొనుటకు ఉన్న స్థలము 128 బైట్లు మాత్రమే. ఆటను భద్రపరచిన కార్ట్రిడ్జి పరిమాణము తొలినాళ్లలో 2 కిలోబైట్లు, అటుపిమ్మట 4 కిలోబైట్లు. ఈ వ్యాసమును కంప్యూటరులో దాచుటకు పట్టు చోటులో అది సుమారు పదవ వంతు. అట్టి ఇరుకు స్థలమున బొమ్మలు గీయుట, ధ్వనులు కూర్చుట, ఆట నియమములు కల్పించుట, వాని నన్నిటిని యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చుట అను సమస్త కార్యమును తరచుగా ఒక్క మనిషియే నెలల తరబడి కూర్చుండి నిర్వహించెడివాడు. చిత్రకారుడును, సంగీతకర్తయు, కథకుడును, గణితజ్ఞుడును ఒక్కడే అయి నిర్మించిన అట్టి కృతులు వేరొక కళలో అరుదుగా కానవచ్చును. అయినను ఆ ఆట పెట్టెపై గాని, దానితో వచ్చిన పుస్తకమున గాని, తెరపై గాని ఆ మనిషి పేరు లేదు. ఉన్నదెల్ల కంపెనీ పేరొక్కటియే.

ఆ ఆటలాడిన బాలబాలికలు నేడు తాతలు, అమ్మమ్మలగుచున్నారు. చేసినవారిలో పెక్కుమంది డెబ్బదేండ్లు దాటినవారు, కొందరు గతించిరి. ఏ ఆటను ఎవ్వరు చేసిరో నిర్ణయించి, మరుగుపడిన ఆ పేర్లను చరిత్రలోనికి తెచ్చుటకై కొన్ని దేశములలో కొందరు ఓర్పుతో కృషి చేయుచున్నారు. పిల్లలాటల పుట్టుపూర్వోత్తరములు త్రవ్వుట పనిలేనివారి కాలక్షేపమని తలచువారు మనలో లేకపోలేదు. ఆ కృషి సాహిత్య చరిత్రకారుడు కర్తృత్వ నిర్ణయమునకై పడు శ్రమకు ఏమాత్రమును తీసిపోని విద్యావ్యాసంగ మనియు, పేర్లను దాచిన సంస్థలు తమ కాగితములను ఆ మనుష్యులు బ్రతికియుండగానే బయటపెట్టుట వాని విధి యనియు నా దృఢాభిప్రాయము.

పేర్లు దాచుటలో అటారి యాజమాన్యమునకు తనదైన లెక్క ఉండెను. పేరు తెలిసినచో కీర్తి కలుగును. కీర్తి కలిగినచో జీతము పెంచుమందురు. లేదా పోటీ కంపెనీవారు వచ్చి ఎక్కువ జీతము చూపి తీసికొనిపోవుదురు. 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ సంస్థ అటారిని కొనిన తరువాత, వస్త్ర పరిశ్రమలో ఆరితేరిన రే కాసర్ దానికి అధిపతి అయ్యెను. కంపెనీ రాబడిలో అధికభాగము తమ ఆటలవలననే వచ్చుచున్నదని గ్రహించిన డేవిడ్ క్రేన్, లారీ కాప్లాన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అను నలుగురు ప్రోగ్రామర్లు ఆయన యొద్దకు పోయి, గ్రంథకర్తలకును గాయకులకును లభించునట్లే తమకును పేరును, అమ్మకములలో కొంత వాటాయు కావలెనని కోరగా, కర్మాగారమున కార్ట్రిడ్జిలు బిగించు కార్మికునికంటె మీరు ఆటకు ఎక్కువ ముఖ్యులు కారని ఆయన ప్రత్యుత్తర మిచ్చెనని క్రేన్ తరువాతి కాలమున చెప్పియున్నాడు. కార్ట్రిడ్జి బిగించు చేతుల శ్రమయు గౌరవింపదగినదే. కాని ఆ మాటలో ఆ కార్మికునికి దక్కిన గౌరవ మేమియు లేదు. అతనిని, ప్రోగ్రామరును ఒకే చీకటిలో నిలుపుటయే దాని ఫలితము. ఆ నలుగురును 1979లో బయటికి వచ్చి జిమ్ లెవీ అను వ్యాపారదక్షునితో కలసి ఆక్టివిజన్ సంస్థను స్థాపించి, ఆట చేసినవారి పేరును ఆటతోపాటు లోకమునకు తెలుపు సంప్రదాయమును నెలకొల్పిరి. 1982లో 'రివర్ రెయిడ్' అను ఆటను నిర్మించిన కరోల్ షా అంతకుముందు అటారిలోనే పనిచేసిన స్త్రీ. ఆక్టివిజన్ పుస్తకమున ఆమె ఛాయాచిత్రమును, ఆటలో నెగ్గుటకు ఆమె ఇచ్చిన సలహాలును పాఠకులకు కానవచ్చినవి. అదే కాలమున అటారిలో మిగిలి, లక్షలుగా అమ్ముడుపోయిన 'మిస్సైల్ కమాండ్' ఆటను ఇంటి యంత్రమునకు అమర్చిన రాబ్ ఫులప్ అను నతనికి క్రిస్మసు కానుకగా లభించినది ఒక టర్కీకోడికి చీటి. అతడును కొలది కాలములోనే అటారిని వీడి ఇమాజిక్ అను క్రొత్త సంస్థ స్థాపకులలో ఒకడయ్యెను.

వారెన్ రాబినెట్ అను యువకుడు మరియొక మార్గము నెన్నుకొనెను. 'అడ్వెంచర్' అను అతని ఆటలో కోటలును, డ్రాగన్లును, చిక్కుదారులును గలవు. నల్లకోటలోని చిక్కుదారిలో ఒక మూసియున్న గదిలో అతడొక్క చిన్న చుక్కను దాచెను. చుట్టునున్న నేల రంగే దాని రంగగుటచే అది కంటికి ఆనదు. దానిని మోసికొనిపోయి ఒకానొక గోడయొద్దకు చేర్చినచో ఆ గోడ దారి ఇచ్చును; లోపలి గదిలో ఈ ఆటను సృష్టించినవాడు వారెన్ రాబినెట్ అను అక్షరములు రంగులు మారుచు మెరయును. ఈ సంగతిని అతడు యజమానులకే గాక తోటివారికిని చెప్పక, 1979లో ఉద్యోగము మానివేసెను. మరుసటి యేడు ఒక బాలుడు ఆ గదిని కనుగొని కంపెనీకి ఉత్తరము వ్రాయువరకు అటారికి ఆ సంగతి తెలియదు. అప్పటికే ఆట దేశమంతట అమ్ముడగుచుండెను. చిప్పును మార్చి మరల అచ్చొత్తించుట వ్యయభారము. ఇట్టి రహస్యములు ఆడువారికి ఆనందము కలిగించునని తలచిన స్టీవ్ రైట్ అను అధికారి, ఇకముందు ఆటలలో ఇట్టి 'ఈస్టర్ గుడ్లు' ఉండనిత్తమనెను. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన ఆటలో ఆ సంతకమొక్కటియే కర్తకు దక్కిన ప్రతిఫలము వంటిది. దాదాపు నాలుగు దశాబ్దముల పిమ్మట స్పీల్‌బర్గ్ తీసిన 'రెడీ ప్లేయర్ వన్' చిత్రమున ఆ గదియే కథను ముగించు తాళపుచెవి అయినది.

రాబినెట్ ఒక్కడే కాడు, మొదటివాడును కాడు. 1978లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ యంత్రమునకై వచ్చిన 'వీడియో విజ్‌బాల్' ఆటలో దాని ప్రోగ్రామరు తన పేరును దాచియుంచెను. 1977 నాటి 'స్టార్‌షిప్ 1' అను అటారి ఆటలో రాన్ మిల్నర్ అను ఇంజనీరు తన్నుతానే పలుకరించుకొనిన చిన్న వాక్యము 2017 వరకు, అనగా నలువది యేండ్లు, ఎవ్వరి కంటను పడలేదు. మైక్రోసాఫ్టులో ఆటల ప్రచురణ విభాగమునకు పూర్వము నాయకత్వము వహించిన ఎడ్ ఫ్రైస్ దానిని వెలికితీసెను. ఒకరినొకరు ఎరుగని మనుష్యులు వేరువేరు గదులలో కూర్చుండి ఒకే విధమున తమ పేరును యంత్రపు గర్భమున పాతిపెట్టుట చూడగా, కర్తృత్వకాంక్ష మనుష్యునిలో ఎంత లోతుగా నాటుకొనియున్నదో తెలియుచున్నది.

మన ప్రాచీన కవులకు ఈ దొంగతనము అవసరము లేకపోయెను. ఆశ్వాసాంతమున గద్యము వ్రాసి, తన పేరు, తండ్రి పేరు, గురువు పేరు చెప్పుకొను హక్కు కవికి సంప్రదాయసిద్ధముగా నుండెను. అయినను తాళపత్రములు శిథిలమై, ప్రతులు చెదరి, కర్త ఎవ్వరో తెలియక పండితులు తలలు బ్రద్దలు కొట్టుకొనిన సందర్భములు మన వాఙ్మయ చరిత్రలో కొల్లలు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో కుమారసంభవమును ప్రకటించువరకు నన్నెచోడు డను కవి యున్నాడని విద్వల్లోకమునకు తెలియదు. క్రీడాభిరామము వల్లభరాయని రచనయా, శ్రీనాథుని రచనయా యన్న వివాదమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి మహనీయులు ఎంత సూక్ష్మదృష్టితో పద్యముల నడకను, పదముల పోకడను పరిశీలించిరో ఎరిగినవారికి, పాత ఆటల కర్తలను వెదకువారు నేడు చేయుచున్న పని పరాయిదిగా తోచదు. తాళపత్రమునకు బదులు చిప్పు. లేఖక ప్రమాదమునకు బదులు చెడిపోయిన బైటు. చూడవలసిన చూపొక్కటియే.

ఆ చూపు ఎక్కువగా అవసరమైన దేశము జపాను. 1980 దశకమునను, 1990 దశకపు తొలినాళ్లలోను అక్కడి కంపెనీలు పేర్లు వేయుటకు పూర్తిగా నిరాకరింపలేదు గాని, మారుపేర్లు వేయించెను. మంచి పనివాని పేరు తెలిసినచో పోటీవారు ఎగరవేసికొనిపోవుదురన్న భయమే అందుకు ముఖ్యకారణము. 'స్ట్రీట్ ఫైటర్' మొదటి ఆటలో తకాషి నిషియామ 'పిస్టన్ తకాషి' అయ్యెను. 'మెగా మాన్' తొలి ఆటకు సంగీతము కూర్చిన మనామి మత్సుమాయె, 'స్ట్రీట్ ఫైటర్ 2' సంగీతమున అధికభాగమును కూర్చిన యోకో షిమొమురా, ఇద్దరును తమ అసలు పేర్లతో గాక ముద్దుపేర్లతోనే తెరపై కనిపించిరి. కొనామి వారి 'కాసిల్‌వేనియా' ఆట ముగింపున కానవచ్చు పేర్లన్నియు పాత భయానక చిత్రములకు సంబంధించిన నటులు, రచయితలు మొదలగువారి పేర్లను వంకరచేసి కల్పించినవి; సంగీతకర్తగా అచ్చట కనిపించునది 'జేమ్స్ బనానా' అను పేరు. ఆ పేరు వెనుక కినుయో యమషిత అను యువతి యున్నదని లోకము తెలిసికొనుటకు చాలకాలము పట్టెను. ఆ ఆట రాగములను కోట్లమంది విన్నారు, వాద్యబృందములు వేదికలపై వాయించినవి. ఆ రాగములను కట్టిన మనిషి మాత్రము అరటిపండు పేరు వెనుక నిలువవలసివచ్చెను. నాకు ఈ సంగతి తలచినప్పుడెల్ల కష్టము తోచును. ఈ మువ్వురు సంగీతకర్తలును స్త్రీలగుట కూడ గమనింపదగినది. ఆటల పరిశ్రమ తొలినాళ్లలో స్త్రీలు లేరని పలుమార్లు వినిపించు మాటకు మారుపేర్ల చాటున దాగిన ఇట్టి నిజములే తగిన సమాధానము.

మారుపేరు కూడ లేనివారి స్థితి మరింత దుర్భరము. క్యోటో నగరమున 1979లో వెలసిన టోసె అను సంస్థ ఇతర కంపెనీల కొరకు వెయ్యికి పైగా ఆటలు చేసి, తన పేరు వేసికొనకుండుటయే నియమముగా పెట్టుకొన్నది. నింటెండో కీర్తికి పునాదియైన 1981 నాటి 'డాంకీ కాంగ్' ఆటను తలచుకొన్నప్పుడు అందరికిని షిగెరు మియమోటో గుర్తునకు వచ్చును. ఆ ఆటను ఊహించి, పాత్రలను కల్పించినది ఆయనయే. అందు సందేహము లేదు. కాని దాని ప్రోగ్రామును వ్రాసినది టెలివిజన్ కెమెరాలు మొదలగు ప్రసార పరికరములు చేయు ఇకెగామి త్సుషింకి అను సంస్థలోని ఇంజనీర్లు. ఆ చిప్పులోని బైట్లను చదివినవారికి, ఈ ప్రోగ్రామును విడదీసి చూచువారిని ఉద్దేశించి ఇకెగామివారు వ్రాసియుంచిన సందేశము, వారి టెలిఫోను సంఖ్యతో సహా, ఆంగ్లాక్షరములలో కనిపించినది. ప్రోగ్రాముపై హక్కు ఎవ్వరిదన్న విషయమై ఆ రెండు సంస్థలును న్యాయస్థానమునకు కూడ ఎక్కినవి. ఒక కృతికి ఒక్కడే కర్త అను కథ వినుటకు ఇంపుగా నుండును. పరిశోధకులు ఆ కథను సరిదిద్దునప్పుడు మియమోటో కీర్తి తరుగదు, ఆయన ప్రక్కన మరికొందరు నిలుతురు. ఆ రహస్య సందేశమున కూడ ఉన్నది సంస్థ పేరే. బల్లయొద్ద కూర్చున్న మనుష్యుల పేర్లకై మరల వెదకవలసివచ్చినది.

ఈ అన్వేషణలలో నన్ను ఎక్కువగా కదలించినది టెక్సాస్ రాష్ట్రమున 1982లో వెలువడిన 'వాబిట్' అను చిన్న ఆట కథ. క్యారట్ తోటపై పడు కుందేళ్లను బిల్లీ సూ అను రైతుపిల్ల కుళ్లిన కోడిగ్రుడ్లతో కొట్టి తరుముట, అంతే ఆట. కాని ఇంటి యంత్రముల ఆటలలో పేరుగల స్త్రీపాత్రను ఆటగాని చేతికిచ్చిన మొదటి ఆటగా చరిత్రకారులు దీనిని లెక్కింతురు. దానిని ప్రచురించిన అపోలో అను సంస్థ ఆ యేటనే దివాలా తీసెను. ఆట చేసినది వియత్నాము నుండి వచ్చిన ఒక స్త్రీ యని తెలిసినను, ఆమె పేరు పాత సహోద్యోగుల జ్ఞాపకమున కొంత మారిన రూపముననే మిగిలియుండుటచేత, వెదకినవారికి ఆమె జాడ ఎంతకును దొరకలేదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థకు చెందిన కెవిన్ బంచ్ ఆట పుస్తకములను విడిచి, దివాలా వ్యవహారపు న్యాయస్థాన పత్రములు తెప్పించి చూచెను. దివాలా తీసిన సంస్థ ఎవ్వరెవ్వరికి బాకీ పడినదో న్యాయస్థానమునకు జాబితా ఇయ్యవలెను గదా! ఆ బాకీల పత్రములలో ఆమె సరియైన పేరు దొరికెను. ఆమె వాన్ మై. 2022లో ఆమె కథ ప్రకటితమైనది. తాను నలువది యేండ్లక్రితము చేసిన చిన్న ఆటను ఇంతమంది తలచుచు, తనకొరకు వెదకుచున్నారని ఆమె అంతవరకు ఎరుగదు. కళను గూర్చి వ్రాసిన పుస్తకములలో లేని పేరు బాకీల చిట్టాలో దొరకుట ఈ పరిశోధన స్వరూపమును చక్కగా తెలుపును. కర్తలను వెదకువారు పోవలసిన చోట్లు ఇవే: కాపీరైటు నమోదు కాగితములు, వ్యాజ్యముల దస్త్రములు, పాత టెలిఫోను పుస్తకములు, ఉద్యోగుల ఫోటోల వెనుక వ్రాసిన పేర్లు, అన్నిటికి మించి ముదుసలియైన ఒక ఇంజనీరుతో ఓర్పుగా చేయు సంభాషణ.

ఆటలోని పదార్థమే సాక్ష్యమిచ్చు సందర్భములును కలవు. చిప్పులోని బైట్లను అక్షరములుగా మార్చి చదువుటవలన పేర్లు, పొడి అక్షరములు, పుట్టినరోజులు బయటపడినవి. హోవార్డ్ స్కాట్ వార్షా తన 'యార్స్ రివెంజ్' ఆటలో పేరులోని పొడి అక్షరములను దాచుట అందరెరిగినదే. స్వరములను మ్రోగించు కోడును ప్రతి సంస్థయు, కొన్నిచోట్ల ప్రతి ప్రోగ్రామరును తనకు అలవాటైన తీరున వ్రాసెను. రెండు వేరు కంపెనీల ముద్రతో వచ్చిన ఆటలలో ఒకే తీరు కోడు కనిపించినచో రెండింటి వెనుక ఒకే చేయి కలదని ఊహింపవచ్చును. ఊహింపవచ్చునే గాని నిర్ణయింపరాదు. కోడును అరువు తెచ్చుకొందురు, కొందురు, పాత ఉద్యోగి వీడిన దానిని క్రొత్తవాడు వాడును. ఇక్కడ తొందరపాటు మిక్కిలి హాని చేయును. ఏలయన ఒకసారి తప్పుపేరు అచ్చయినచో అది ఒక జాబితానుండి మరియొక జాబితాకు ప్రాకి, నిజమైన కర్తను రెండవసారి పాతిపెట్టును. రెండు స్వతంత్ర సాక్ష్యములు కుదిరిన పిదపనే పేరు వ్రాయవలెనని, కుదరనప్పుడు సందేహమును సందేహముగనే ముద్రింపవలెనని నేను పట్టుబట్టుదును. తన పేరు ప్రకటింపవలదని కోరిన మనిషి కోరికను మన్నింపవలెననుట వేరుగా చెప్పనక్కరలేదు.

వార్షా పేరు వచ్చినది గనుక ఒక మాట. 1982లో 'ఇ.టి.' చిత్రము ఆధారముగా ఆటను చేయుటకు ఆయనకు ఇచ్చిన గడువు సుమారు ఐదు వారములు. క్రిస్మసు అంగళ్లకు అందించు ఆతురతతో యాజమాన్యము పెట్టిన ఆ గడువువలన ఆట చెడెను. నేడు ఆ కాలపు ఆటలను గూర్చి ఏమియు ఎరుగనివారు సైతము ఆ పరాజయమునకు ఆయన పేరును జోడింతురు. లాభము వచ్చినప్పుడు ఆట కంపెనీది, నష్టము వచ్చినప్పుడు ప్రోగ్రామరుది అను ఈ న్యాయము నాకు సమ్మతము కాదు.

జీతము పుచ్చుకొని పనిచేసినవారికి పేరు కూడ ఏలయని అడుగువారు కలరు. జీతము శ్రమకు వెల. కర్తృత్వము శ్రమకు సంబంధించిన సత్యము. వెల చెల్లించుటవలన సత్యము కొన్నవాని సొత్తగుట ఎక్కడను లేదు. ఒప్పందము ప్రకారము హక్కులు కంపెనీకి చెందవచ్చును, లాభములు చెందవచ్చును. ఎవ్వరు చేసిరను ప్రశ్నకు సమాధానమును కూడ ఒప్పందము మార్చజాలదు. సినిమాలో దీపములు పట్టినవారి పేర్లు సహితము తెరపై వేయు ఆచారమునకు మనమందరము అలవాటుపడితిమి. దానివలన ఏ నిర్మాతయు దివాలా తీయలేదు. ఈ పేర్లతో చరిత్రకు ఏమి ప్రయోజనమని అడుగువారికి జెరీ లాసన్ సంగతి చెప్పవలెను. మార్చుకొను కార్ట్రిడ్జిలతో 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ 'ఛానల్ ఎఫ్' యంత్రపు నిర్మాణమును నడిపించిన ఈ నల్లజాతి ఇంజనీరు పేరు దశాబ్దములపాటు పెక్కుమందికి తెలియలేదు. అంతర్జాతీయ ఆటల నిర్మాతల సంఘము ఆయనను సత్కరించినది 2011 మార్చిలో. ఏప్రిల్‌లో ఆయన మరణించెను. ఒక్క నెల ఆలస్యమైనను ఆ గౌరవము ఆయన చేతికి అందియుండెడిది కాదు. అటు ఆటలే అదృశ్యమగుచున్నవి: 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో కొనుటకు దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనము తెలుపుచున్నది. దొరకని ఆటను మరల ముద్రించునప్పుడైనను కర్తల పేర్లు చేర్చుటకు కంపెనీలకు అయ్యెడి వ్యయము మిక్కిలి స్వల్పము. కొన్ని సంస్థలు చేర్చినవి, పెక్కు చేర్చలేదు.

ఇదంతయు గడచిన కాలపు అన్యాయ మనుకొనుట పొరపాటు. 2011లో 'ఎల్.ఎ. నోయిర్' ఆట వెలువడినప్పుడు దానికై పనిచేసిన నూరుమందికి పైగా తమ పేర్లు లేవని గుర్తించి, తామే జాబితా తయారుచేసి ప్రకటించుకొనవలసి వచ్చెను. 2021లో 'మెట్రాయిడ్ డ్రెడ్' చేసిన స్పెయిన్ దేశపు సంస్థ, మొత్తము నిర్మాణకాలములో నాల్గవ వంతైనను పనిచేయనివారి పేర్లు వేయబోమన్న నియమము చూపి కొందరిని విడిచిపెట్టెను. ఈ విషయమున మన తెలుగువారికి సొంత బాధ్యత కలదు. హైదరాబాదులో విదేశీ సంస్థల ఆటలకు బొమ్మలు చెక్కువారు, కోడు వ్రాయువారు, రాత్రింబవళ్లు పరీక్షించువారు వేలసంఖ్యలో ఉన్నారు; ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద సంస్థకు ఇక్కడ స్వంత స్టూడియో కలదు, ఒప్పందముపై పనిచేయు చిన్న స్టూడియోలును కలవు. ఒప్పంద పనులలో పలుమార్లు ఆట చివర స్టూడియో పేరొక్కటియే కానవచ్చును, అందు పనిచేసినవారి పేర్లు కానరావు; కొన్ని ఆటలలో స్టూడియో పేరును లేదు. నలువది యేండ్ల తరువాత వీరిలో ఎవ్వరి జాడనో వెదకుటకు మరియొక పరిశోధకుడు మరియొక దివాలా పత్రము చదువవలసిన అగత్యము రాకుండునట్లు, ప్రతి స్టూడియోయు ఒప్పందము వ్రాసికొనునప్పుడే పనిచేసిన ప్రతివాని పేరును ఆటలో చేర్చవలెనను షరతును పెట్టుకొనవలెను. మధ్యలో ఉద్యోగము మానినవారిని విడువరాదు. పేరు ఏ రూపమున అచ్చు వేయవలెనో ఆ మనిషినే అడుగవలెను. అంతర్జాతీయ ఆటల నిర్మాతల సంఘము ఇందుకు కావలసిన మార్గదర్శక సూత్రములను ఇదివరకే సిద్ధము చేసి ప్రకటించియున్నది. మన స్టూడియోలు వానిని ఒప్పంద పత్రములలో చేర్చుకొనుటకు క్రొత్త చట్టమేదియు అక్కరలేదు.